ఛాతీలో నడిమి అర్ర

ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను పట్టుకొని అడగొద్దు. నేను పెంచి చెప్తాను. అది అబద్ధమాడటం కాదు. నా దగ్గరికి వచ్చిన సంగతి బక్కగా, నీరసంగా ఉంటే చూడలేక దానికి ఇంత తిండి పెట్టి పంపుతాను, అంతే. చీమ కుడితే తేలు అంటాను. తేలు కుడితే నాగుపాము అంటాను. యాభై ఏళ్లు దాటేదాకా ఈ పద్ధతి బాగానే నడిచింది. చిక్కల్లా, నిజంగానే పాము కరిచిన రోజు దానిపైన అనడానికి ఇంకేమీ మిగలదు. మిగిలినా నమ్మేవాళ్లు ఉండరు.

నన్ను కరిచింది పాము కాదు. ఏదో తెలియదు. కరిచిన చోటు పేరు మాత్రం తెలిసింది, మీడియాస్టినమ్.

నేను ఆదిలాబాద్‌లో ఒక బడిలో తెలుగు పంతులును. పుట్టింది జమ్మికుంటలో, పత్తి మార్కెట్ యార్డు వెనక సందులో. సీజన్‌లో అక్కడి గాలిలో ఎంత దూది ఎగిరేదంటే, మా సందులో పుట్టిన పిల్లలకు దిండ్లు కొనే పని ఉండేది కాదు. నోరు తెరిచి పడుకుంటే తెల్లారేసరికి దిండు లోపలే తయారయ్యేది. ఇంట్లో నేనొక్కడినే సంతానం. అవ్వా బాపూ ఇద్దరూ పోయారు. నా భార్య కూడా పోయింది. ఆమె పైకి కాదు, నిజామాబాద్‌కు. అక్కడ బాగానే ఉంది. మా మధ్య తగాదా ఏమీ లేదు. "నీతోని ఉంటె సర్కస్ డేరాల ఉన్నట్టున్నది, జర నా చెవులకు రికాం కావాలె" అని వెళ్లింది. ఆ చెవులు ఇంకా విశ్రాంతి తీసుకుంటూనే ఉన్నాయి.

అప్పటి నుంచి రెండు గదుల కిరాయి ఇంట్లో నాతో మాట్లాడేది ప్రెషర్ కుక్కర్ ఒక్కటే. అదీ అన్నం ఉడికేదాకానే. ఇంట్లో దాచుకున్న మాటలన్నీ బయట ఖర్చు పెడతాను. పెళ్లిళ్లకు, రిటైర్మెంట్ సన్మానాలకు, బడి వార్షికోత్సవాలకు మైకు నా చేతికిస్తారు. నేను లేవగానే జనం నవ్వడం మొదలుపెడతారు, ఇంకా నోరు తెరవకముందే. మైకు ముందుండే నేను, ఇంట్లో ఉండే నేను ఎప్పుడూ ఎదురుపడలేదు. పడి ఉంటే ఇద్దరికీ మాట్లాడుకోవడానికి ఏమీ ఉండేది కాదు.

ఆ గొంతే పోయింది. ఒక ప్రధానోపాధ్యాయుడి సన్మానంలో, సరిగ్గా శాలువా కప్పే ముందు, "ఈ మహానుభావుడు" అని మొదలుపెట్టిన మాట "ఈ" దగ్గర గుర్రపు సకిలింపులా లేచి, "భావుడు" దగ్గరికొచ్చేసరికి పంక్చరైన సైకిల్ ట్యూబులా చప్పబడింది. హాలు గొల్లుమంది. సారును అనుకరిస్తున్నాననుకున్నారు. నేను మంచినీళ్లు తాగి మళ్లీ ప్రయత్నించాను. మళ్లీ గాలే వచ్చింది. చప్పట్లు. సారు భార్య కొంగు నోట్లో కుక్కుకొని నవ్వింది. అంత విజయవంతమైన సభ నా జీవితంలో ఇంకొకటి లేదు.

తర్వాత కొన్ని వారాలు ఉప్పునీళ్లు పుక్కిలించాను. మిరియాలు నమిలాను. ఆదిలాబాద్ జిల్లాలో ఉన్న అల్లమంతా నా గొంతులోంచే దిగిపోయింది. ఆఖరికి చెవి ముక్కు గొంతు డాక్టరు దగ్గరికి వెళితే, ఆయన నా ముక్కులోంచి పెన్‌గంగ కాలువంత పొడుగున్న కెమెరా దించి చూశాడు.

"ఎడమ స్వరతంత్రి కదుల్తలేదు సార్. గొంతు సాఫ్ ఉన్నది. ఛాతీ ఫోటో తీసుకొని రాండ్రి."

"గొంతు పోయిందంటే ఛాతీ ఫోటో ఏంది డాక్టర్ సాబ్?"

"దొంగ ఇంట్ల దొరకకుంటె గల్లీల దేవులాడాలె గద."

ఫోటోలో నా రెండు ఊపిరితిత్తులూ నల్లగా శుభ్రంగా ఉన్నాయి. నడుమ తెల్లగా కనబడే స్తంభం మాత్రం ఉండాల్సినదానికంటే లావుగా ఉంది. ఆయన ఇంకేమీ జోకు వేయలేదు. స్కానింగ్ చేయించుకొని కరీంనగర్‌లో ఛాతీ డాక్టరును కలవమన్నాడు.

ఇంటికొచ్చి ఓనరుకు చెప్పాను. ఆయన వరండాలో పళ్లు తోముకుంటున్నాడు. మహారాష్ట్ర అంచు నుంచి వచ్చిన కుటుంబం. సగం మాట మరాఠీ. "ఛాతీలో, గుండె పక్కన, ఎవరో కొత్తగా దిగారంట" అన్నాను గాలి గొంతుతో. చెప్పాలనుకున్నది అది కాదు. నోరు తెరిస్తే అదే వచ్చింది.

"కాయ్ సార్, పొద్దుగాల్నే షురూ చేసిండ్రు" అని నవ్వి, నురుగు గొంతులోకి పోయి దగ్గి, ఇంకా నవ్వుకుంటూ లోపలికి వెళ్లాడు.

కరీంనగర్ డాక్టరు చిన్న వయసు ఆడమనిషి. నా స్కాన్ కంప్యూటరులో పెట్టి, ఒంటిని అడ్డంగా పొరలు పొరలుగా కోసినట్టున్న బొమ్మలను పైకీ కిందికీ జరుపుతూ చూసింది. నా లోపలి సంగతులు ఆమె వేలి కింద ఆకురాయి మీద బెల్లంలా అరిగిపోతున్నాయి.

"సార్, ఛాతీని ఒక ఇల్లనుకోండ్రి" అంది. "కుడి దిక్కు ఊపిరితిత్తి ఒక పెద్ద అర్ర. ఎడమ దిక్కుది ఇంకో అర్ర. ఆ రెండిటి నడుమ ఉన్న జాగా నడిమి అర్ర. దాన్నే మేము మీడియాస్టినమ్ అంటం."

"అంటే ఖాళీ జాగా."

"ఖాళీ ఏడిది సార్. ఒంట్ల ఇంత ఇరుకు జాగా ఇంకోటి లేదు. ముంగట రొమ్ము బొక్క. వెనుక వెన్నుపూసలు. కింద పొట్టకు ఛాతీకి నడుమ ఉండే కండ పొర. పైన మెడ మొదలు. గంతల్నే గుండె ఉండాలె, గుండెల నుంచి పొయ్యే పెద్ద పెద్ద రక్తనాళాలు ఉండాలె, గాలిగొట్టం, దాని వెనుక అన్నం దిగే గొట్టం, నరాలు, లింఫు గ్రంథులు. అన్ని ఒకదాన్నొకటి ఆనుకొనే ఉంటయ్."

నాకు జాతర రోజుల్లో ఆర్టీసీ బస్సు కనబడింది. గుండె ఎడమకు ఒరిగి కిటికీ సీటు పట్టుకొని కూర్చుంది. దించమంటే దిగదు, నిద్రపోదు, కదలకుండా ఒక్క క్షణం ఉండదు. పెద్ద ధమని దాని నెత్తిమీదుగా గొడుగు కర్రలా వంగి వెనక్కి దిగింది. గాలిగొట్టం నడుమ నిలబడి కొంచెం కిందికి పోయాక రెండుగా చీలి, అటొక ఊపిరితిత్తికి ఇటొక ఊపిరితిత్తికి టికెట్లు కొడుతోంది. దాని వెనక, వెన్నుపూసను ఆనుకొని, అన్నవాహిక ఎవరికీ కనబడకుండా నక్కి కూర్చుంది. ఎవరైనా ఏదైనా తింటేనే కదులుతుంది. ముందు సీట్లో, రొమ్ము ఎముక వెనక, థైమస్ అనే ముసలాయన. చిన్నతనంలో ఒంటికి రోగాలతో పోట్లాడటం నేర్పేది ఆయనేనట. పెద్దయ్యాక పనంతా అప్పగించి, కరిగి, కొవ్వుగా మారి మూల కూర్చుంటాడట. ఒంట్లో అందరికంటే ముందు రిటైరయ్యే ఉద్యోగి. ఆయన సన్మానానికి ఎవరూ మైకు పట్టలేదు.

"మరి నా గొంతు?"

ఆమె పెన్ను మొన స్క్రీన్ మీద పెట్టింది. "ఎడమ స్వరతంత్రికి పొయ్యే నరం మెదడు నుంచి బయలెల్లుతది. గొంతు పక్క నుంచే పోతది గని ఆడ ఆగది. సీద ఛాతీలకు దిగి, గిదో, గీ పెద్ద ధమని వంపు కింద నుంచి మలిగి, మళ్ల పైకెక్కి అప్పుడు గొంతుకు వస్తది. కుడి దిక్కు నరం గింత దూరం రాదు, పైన్నే తిరిగిపోతది."

అంటే ఆదిలాబాద్ నుంచి నిర్మల్ పోవాల్సినవాడు నిర్మల్లో దిగకుండా జగిత్యాల దాటి కరీంనగర్ దాకా వచ్చి, బస్టాండు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, మళ్లీ ఎక్కి నిర్మల్ వెళ్లి దిగినట్టు. నేను మాట్లాడిన ప్రతి మాటా ఇన్నేళ్లుగా నా గుండె పక్క దాకా వచ్చి వెళ్లిందన్నమాట. అంత దగ్గరికొచ్చి కూడా ఒక్కటీ లోపలికి తొంగి చూడలేదు.

"ఆ వంపు కింద మీకు బిళ్లలు కట్టినయ్ సార్. గజ్జల్ల కడతయ్ గద, గట్లనే. అవి నరాన్ని ఒత్తుతున్నయ్. గాలిగొట్టం చీలే కాడ సుత ఉన్నయ్."

"ఎందుకు కట్టినయ్?"

"టీబీ కావచ్చు. అయితె మందులున్నయ్. లింఫోమా అనేటిది కావచ్చు, అది క్యాన్సర్ల ఒక రకం. వేరేటివి సుత ఉంటయ్. చూస్తె అన్ని ఒక్క తీర్గనే కనవడతయ్. నోట్ల నుంచి గాలిగొట్టంలకు గొట్టం దించి, లోపలి నుంచే సూదితోని బిళ్లల కెల్లి జరంత తీసి చూడాలె. చూడకుంట నేనేం చెప్పలేను." స్క్రీన్ మీంచి కళ్లు తిప్పి నా వెనకున్న ఖాళీ కుర్చీని చూసింది. "బుధవారం పొద్దుగాల ఏం తినకుంట రాండ్రి. మత్తు ఇస్తం కాబట్టి తోడుగ ఒక మనిషి ఉండాలె. మనిషి లేకుంటె చెయ్యం సార్."

బయటికొచ్చి బస్టాండులో కూర్చున్నాను. టీబీ, లింఫోమా అనే రెండు మాటల మీద ఆలోచించాలి నిజానికి. నేను ఆలోచించింది మూడో మాట మీద. మనిషి. సూదికి, గొట్టానికి, మత్తుకు నేను తయారే. బుధవారానికి ఒక మనిషిని ఎక్కడి నుంచి తేవాలి?

స్టాఫ్ రూములో ప్రయత్నించాను. నవ్వకుండా, పెంచకుండా చెప్పాలని దారి పొడుగునా మాటలు కూర్చుకొని వెళ్లాను. "నాకు కరీంనగర్‌లో ఒక పరీక్ష ఉంది. ఎవరన్నా తోడు రావాలి." ఇంతే. మూడో తరగతి పిల్లవాడు కూడా అప్పజెప్పగల వాక్యం. తలుపు తీయగానే అందరి ముఖాలూ నా వైపు తిరిగాయి, ఆకలేసినవాళ్లు క్యారియరు వైపు తిరిగినట్టు. "నా నడిమి అర్రలో కిరాయిదారు దిగిండు, ఖాళీ చేయించడానికి బుధవారం కరీంనగర్‌లో పంచాయితీ ఉంది, సాక్షి కావాలి" అని నా నోరే చెప్పింది. నవ్వు కారిడారు దాకా పోయింది. లెక్కల సారు బల్ల చరిచాడు. "ఆ గొంతు భలె పట్టుకున్నవ్ సార్, ఇడువకు" అన్నాడు. నేనూ నవ్వాను. నా నోట్లో నవ్వు పుట్టించని వాక్యం ఒక్కటైనా దొరుకుతుందేమోనని ఆ సాయంత్రం ఇంట్లో అద్దం ముందు వెతికాను. అద్దం కూడా నవ్వేట్టే ఉంది.

మిగిలింది హుజూరాబాద్ దోస్తు. ఎరువుల దుకాణం. చిన్నప్పటి నుంచి ఒకే సైకిల్ మీద పడ్డవాళ్లం. కరీంనగర్‌కు దగ్గరివాడు. మంగళవారం ఫోన్ చేశాను.

"అరేయ్, నేను. రేపు కరీంనగర్ దవాఖానకు వస్తున్న. ఛాతీల బిళ్లలు కట్టినయట. తోడు మనిషి కావాలె."

"ఎవలు? ఏం గొంతురా గది? దయ్యం పట్టినట్టు."

"గదే చెప్తున్న. గొంతు పోయింది."

"మంథనిల గోదావరిల కొట్టుకపోతున్న అన్ననాడు సుత గిట్లనే నమ్మిన బిడ్డా. బండేసుకొని ఉరికొస్తె నువ్వు ఒడ్డు మీద మక్కకంకి బుక్కుతున్నవ్. ఈసారి దవాఖాననా? గొంతు మాత్రం మస్తు తీసినవ్ పో. దుకాణంల గిరాకి ఉన్నది, రాత్రి చేస్త."

రాత్రి ఫోన్ రాలేదు. నవ్వుతూ కన్నీళ్లు కారుస్తున్న పసుపు ముఖం బొమ్మ ఒకటి వచ్చింది.

బుధవారం నేనొక్కడినే వెళ్లాను. నర్సు వరుసగా అడిగింది. నిన్నటి నుంచి ఏమీ తినలేదు కదా? లేదు. మందులేవైనా పడవా? అన్నీ పడతాయి. తోడు ఎవరొచ్చారు?

"నేనే" అన్నాను.

"మీరు పేషెంటు సార్. మీతోని ఎవరని?"

"నాతోని నేనే వచ్చిన."

ఆమె నవ్వలేదు. చాలాకాలానికి ఒక మనిషి నా మాటకు నవ్వలేదు. కానీ సంతోషించే పరిస్థితిలో లేను. "మేడం ఒంటిగంట దాక ఉంటది. అంతట్ల ఎవరినన్న పిలిపించుకోండ్రి. లేకుంటె ఇయ్యాల కాదు" అని, నాకొక మంచం చూపించి వెళ్లింది.

వార్డులో రెండు మంచాలకు ఒక పరదా. నా పక్క మంచం ఖాళీగా ఉంది. దాని మనిషిని స్కానింగ్‌కు తీసుకుపోయారు. చొక్కా విప్పి ఆకుపచ్చ గౌను తొడుక్కున్నాను. ఏసీ ఎంత చల్లగా ఉందంటే, ఆ గదిలో పాలు పెడితే ఐస్‌క్రీమ్ తీసి అమ్ముకోవచ్చు. దుప్పటి నెత్తి దాకా లాక్కొని పడుకున్నాను. ఫోన్లో పేర్లు పైనుంచి కిందికి జరిపాను. పెళ్లిళ్లకు పిలిచినవాళ్లు చాలామంది ఉన్నారు. మైకు సెట్ల వాళ్లు ముగ్గురున్నారు. ఫోన్ ఛాతీ మీద బోర్లా పెట్టి కళ్లు మూసుకున్నాను.

అప్పుడు ఎవరో నా రెండు కాళ్ల మీద పడ్డారు.

"ఓ నా తమ్ముడో... ఎంత పనాయె తమ్ముడో..."

మా దిక్కు పెద్ద వయసు ఆడవాళ్ల సంగతి మీకు తెలుసు. రోగి అయినా సరే, ఎన్నాళ్లకో కలిసిన తోబుట్టువైనా సరే, ముందు మీద పడి ఏడుస్తారు. ముఖం చూడటం, మంచిచెడ్డ అడగటం ఆ తర్వాత. ఏడుపుకు రాగం ఉంటుంది. రాగంలో అవతలి మనిషి చరిత్రంతా ఉంటుంది. అడ్డం పడితే అపచారం. అయిపోయేదాకా ఆగాలి.

"సాంచాల కాడ నిలవడి నిలవడి పానం తీసుకుంటివి తమ్ముడో... బీడీ ఇడువుమంటె అక్కనే ఇడిస్తివి తమ్ముడో..."

సాంచాలంటే మరమగ్గాలు. ఈమె ఏదో నేతవాళ్ల ఊరి నుంచి వచ్చింది, నేను ఈమె తమ్ముడిని కాను, ఆ తమ్ముడు పక్క మంచం మనిషి అని నాకు వెంటనే అర్థమైంది. "అమ్మా" అన్నాను. దుప్పటి కింద నుంచి నా గొంతు ఒక బుస్సుమనే గాలిగా బయటికొచ్చింది. అది విని ఆమె రాగం ఒక మెట్టు పైకెక్కింది.

"గొంతు సుత పాయెనా తమ్ముడో... అక్కా అని పిలిసే నోరు పాయెనా..."

ఇక నేనేం చేయను? పడుకున్నాను. ఆమె ఏడ్చింది. ఆ ఏడుపులో నేను చిన్నప్పుడు చింతచెట్టు మీంచి పడ్డాను. మా అక్క నన్ను వీపున వేసుకొని కాలిబాటన తీసుకుపోయింది. నేను ఉడకేసిన గుడాలు తప్ప ఏమీ తినని మొండివాడిని. మా బాపు కొడితే అక్క చీర వెనక దాక్కునేవాడిని. పండుగకు ఆమెకు చీర పెట్టలేకపోయిన ఏడు సిగ్గుపడి రెండు నెలలు కనబడకుండా తిరిగాను. "చీరెనా నాకు కావాల్సింది, నీ మొఖం గావాలె గని" అని ఆమె ఇప్పుడు అడుగుతోంది. ఒక్కడిగా పెరిగిన నాకు ఆ కాసేపట్లో ఒక బాల్యం వచ్చింది, చింతచెట్టుతో సహా. నా కాళ్ల మీద ఆమె చేతులు గట్టిగా ఉన్నాయి. ఛాతీలో ఆ ఇరుకు గదిలో, అన్నీ ఒకదాన్నొకటి ఒత్తుకునే చోట, ఇంకేదో కూడా చొరబడి ఒత్తింది. దాన్ని డాక్టరు స్కానులో చూపించలేదు.

చక్రాల కుర్చీ కిర్రుమంది.

"అక్కా" అన్నారెవరో. "ఎవలి మీద పడి ఏడుస్తున్నవే?"

రాగం నడుమ ఆగింది. దుప్పటి నా ముఖం మీంచి పైకి లేచింది. అరవై దాటిన ముఖం, నెరిసిన జుట్టు, ముక్కుకు రెండు వైపులా పుడకలు. నన్ను చూసింది. కుర్చీలో ఉన్న బక్కపలచటి మనిషిని చూసింది. మళ్లీ నన్ను చూసింది.

"నువ్వెవలు బిడ్డా?"

"పక్క మంచం" అన్నాను.

కుర్చీలో మనిషికి నవ్వాగలేదు. దగ్గుతూ నవ్వుతూ అన్నాడు. "ఉన్న ఏడుపంత ఆయినకే పోస్తివి. ఇగ నాకేం మిగిలింది?"

"నువ్వు నోర్మూస్కో" అంది ఆమె. ఎవరైనా సిగ్గుపడతారు, క్షమించమంటారు. ఆమె అదేమీ చేయలేదు. కళ్లు తుడుచుకొని, కొంగుతో నా ముఖం కూడా తుడిచింది. అక్కడ తడి ఉందని అప్పుడు తెలిసింది నాకు. తర్వాత సంచిలోంచి టిఫిన్ డబ్బా తీసింది. ఎవరి మీద పడి ఏడ్చారో వాళ్లకు ఏదో ఒకటి తినిపించకుండా లేవకూడదు. అది కూడా మా దిక్కు పద్ధతే.

"తినొద్దమ్మా, నాకు పరీక్షుంది" అన్నాను.

"నీతోని ఎవలొచ్చిండ్రు?"

"మీడియాస్టినమ్ వచ్చింది."

"మనిషినడుగుతున్న."

ఆ మాట ముందు నా నోట్లో ఉన్న సర్కసంతా డేరా దించేసింది. "ఎవరూ రాలే" అన్నాను. పెంచడానికి ఏమీ లేదు. "మనిషి లేకుంటె ఒంటిగంటకు పంపిస్తమన్నరు."

ఆమె డబ్బా మూత పెట్టి లేచింది. నర్సు బల్ల దగ్గర ఆమె గొంతు నాకు పరదా వెనక నుంచి వినబడింది.

"ఆ నడిమి మంచపాయినకు నేనున్న. తీస్కపోండ్రి."

"ఆయనకు మీరేమైతరమ్మా?"

"అక్కను."

"పక్క పేషెంటుకు అక్కనన్నరు గద."

"ఇద్దరికి అక్కనే. ఇప్పుడే గంతసేపు ఏడిస్తి, ఇనలేదా? ఊకెనే ఏడుస్తరా ఎవలన్న?"

"ఆయన పేరేంది?"

నా పేరు ఆమెకు తెలియదు. వెళ్లి చెప్పడానికి నాకు గొంతు లేదు. ఒంటిగంట ఎంతో దూరం లేదు.

"తమ్ముడిని పేరు వెట్టి పిలుస్తరా?" అంది ఆమె. "తమ్మీ అంట. నువ్వు నీ కాయితంల చూస్కో."

నర్సుకు అన్నీ తెలుసు. ఆ ఏడుపు వార్డంతా విన్నది. అయినా కాగితం ముందుకు జరిపింది. ఆమె ఒక్కొక్క అక్షరం కూర్చుని లేచినట్టు సంతకం పెట్టింది.

గొంతులో చేదు మందు కొట్టారు. నాలుక మొద్దుబారి ఎవరిదో నాలుక నా నోట్లో పెట్టుకున్నట్టైంది. గొట్టం తెచ్చారు. నేను చూసినంత మేరకు అది ఆదిలాబాద్ నుంచి మొదలై కరీంనగర్‌లో అంతమైంది. తర్వాత మత్తు.

లేచేసరికి ఆమె నా మంచానికీ తన తమ్ముడి మంచానికీ నడుమ ఉన్న ఇరుకు జాగాలో చాప పరుచుకొని కూర్చుని ఉంది. అటు పక్క ఒకడు, ఇటు పక్క ఒకడు ఊపిరి తీస్తున్నారు. గొంతు మొద్దు వదిలేదాకా చుక్క నీళ్లు కూడా మింగొద్దన్నారు, మింగితే దారితప్పి గాలిగొట్టంలోకి పోతుందని. ఆమె డబ్బా ఒళ్లో పెట్టుకొని నర్సును మాటిమాటికీ అడిగింది, "ఇప్పుడు పెట్టొచ్చునా?" సాయంత్రం పెట్టొచ్చన్నారు. పెరుగన్నం, మామిడికాయ తొక్కు. తొక్కు వద్దన్నారు. తన తమ్ముడికి పెట్టిన చెంచాతోనే నాకూ పెట్టింది. "ఈయనకెక్కువ పెడుతున్నవ్" అని ఆయన ఫిర్యాదు చేశాడు. మర్నాడు పొద్దున నన్ను పంపించేటప్పుడు ఆమె పంపు దగ్గర డబ్బా కడుగుతోంది. "పోయొస్త" అంటే తల ఊపింది. "పైలం తమ్మీ. గోలీలు మానకు" అంది.

రిపోర్టు వచ్చింది. టీబీ. బిళ్లల్లోనే ఉంది, ఊపిరితిత్తుల్లో లేదు.

"వేరేవాళ్లకు అంటదు సార్, ఫికర్ చెయ్యకండ్రి" అంది డాక్టరు.

"అంటడానికి ఎవరుండాలె మేడం" అన్నాను. ఆమె నవ్వబోయి ఆగింది.

ఆరు నెలల మందులు. మంచిగైందని మధ్యలో ఆపొద్దు. బిళ్లలు కరిగితే నరం మీద ఒత్తిడి పోతుంది, గొంతు తిరిగి రావచ్చు, రాకపోవచ్చు. రోజూ కొంచెం కొంచెం గట్టిగా మాట్లాడటం అలవాటు చేసుకోమంది. హుజూరాబాద్ దోస్తు నా సంగతి తెలిసి ఆదిలాబాద్ వచ్చాడు. బత్తాయిలు తెచ్చి, నన్ను తిడుతూ ఒక్కొక్కటీ ఒలిచి తానే తిని, ఆఖరి కాయ తొనలతో పాటు ఏడుపు మింగి పోయాడు. లెక్కల సారు ఇప్పటికీ ఆ గొంతు బాగుందంటాడు.

ఆమె మాత్రం ప్రతి ఆదివారం పొద్దున ఫోన్ చేస్తుంది. "గోలీలు ఏసుకున్నవా తమ్మీ?" అంటుంది. వెనక సాంచాల చప్పుడు వినబడుతుంది. తమ్ముడు బీడీ మానలేదని తిడుతుంది, అతను పక్క నుంచి ఏదో అంటాడు, ఇద్దరూ పోట్లాడుకుంటుంటే నేను ఫోన్ చెవికి ఆనించుకొని వింటాను.

మొదట్లో పెంచి చెప్తానన్నాను కాబట్టి లెక్క తేల్చాలి. పెన్‌గంగ కాలువంత కెమెరా, ఐస్‌క్రీమ్, గొట్టం పొడుగు మీరే తగ్గించుకొని ఉంటారు. ఏడుపు నిజం. సంతకం నిజం. పెరుగన్నం నిజం. కల్పించింది ఆదివారం ఫోన్. ఆమె నా నంబరు అడగలేదు. నేను ఇవ్వాలనుకొని పంపు దాకా వెళ్లాను. ఆమె చేతులు తడిగా ఉన్నాయి. ఏ ఊరో కూడా అడగలేదు. మరమగ్గాలున్న ఊళ్లు ఆ చుట్టుపక్కల ఒకటి కాదు.

మందులు మాత్రం వేసుకుంటున్నాను. డాక్టరు గట్టిగా మాట్లాడమంది కదా, పొద్దున గోలీలు మింగి, గ్లాసు కింద పెట్టి, వంటింట్లో నిలబడి "ఏసుకున్ననక్కా" అంటాను. మొన్నటిదాకా గాలే వచ్చేది. ఇప్పుడు కొంచెం గొంతు వస్తోంది.